ఎర్ర కంకణం అనే పక్షి లేదు

జూన్ 9, సోమవారం

జవాబుల కీ వచ్చింది. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పరీక్ష రాసిన పిల్లలంతా పొద్దుటి నుంచి ఫోన్లు పట్టుకుని మా కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీదే కూర్చున్నారు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఇలాంటి రోజున టీ కొట్టువాడికి తప్ప ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

మధ్యాహ్నం సుమలత స్టాఫ్ రూముకి వచ్చింది. నా తెలుగు మీడియం బ్యాచ్‌లో ముందు బెంచీ పిల్ల. సిరిసిల్ల నేత కుటుంబం. మధురానగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. ప్రశ్నపత్రం నా ముందు పెట్టి ఒక ప్రశ్న మీద వేలు ఉంచింది.

"మేడమ్, మీరు చెప్పిందే పెట్టిన. తప్పంటుండ్రు."

చదివాను. నీటికి దూరంగా, మెట్ట నేలల్లో ఎక్కువగా మేసే కంకణం పక్షి ఏది? ఇంగ్లీషులో మొదటి జవాబు బ్లాక్ హెడెడ్ ఐబిస్, రెండోది రెడ్ నేప్డ్ ఐబిస్. రెండోదే సరైనది. అక్కడ తప్పేమీ లేదు. తెలుగులో మొదటిది నల్ల కంకణం, రెండోది ఎర్ర కంకణం.

ఎర్ర కంకణం! ఎవరు చూశారు దాన్ని?

కోపం తగ్గుతుందేమోనని క్లాసులో చెప్పినట్టే ఇక్కడా రాసుకుంటున్నాను. బ్లాక్ హెడెడ్ అనే దానికి తల ఒక్కటే నలుపు. ఒళ్ళంతా తెలుపు. అది తెల్ల కంకణం, చెరువు పక్షి. రెడ్ నేప్డ్ అనే దానికి తల వెనక కాస్త ఎరుపు, మిగతా ఒళ్ళంతా నలుపు. అది నల్ల కంకణం, మెట్ట పక్షి. తర్జుమా చేసిన మహానుభావుడు ఇంగ్లీషు పేర్లలో ఉన్న రంగులు తీసి పక్షులకి పూసేశాడు. నిజం తెలిసిన పిల్ల నల్ల కంకణం అని పెట్టింది. మార్కు పోయింది.

"గా మన పుస్తకంల ఉన్నట్టు ఎర్ర కంకణం అని పెట్టినోళ్ళకు వచ్చింది మేడమ్" అంది.

అవును. మా ఇన్‌స్టిట్యూట్ పుస్తకంలోనూ ఇదే తప్పు. ఆ పేజీ కొట్టేయమని క్లాసులో చెప్పింది నేనే.

కోపం తగ్గలేదు.

జూన్ 10, మంగళవారం

చలపతిరావు గారి గదికి వెళ్ళాను. ఇన్‌స్టిట్యూట్ ఆయనది. గొంతు పెంచి మాట్లాడ్డం ఎప్పుడూ వినలేదు. ఈ రోజు మరీ మెత్తగా మాట్లాడారు.

"ఏంటి మంజూష గారూ, పక్షి రంగు గురించి ఇంత సీరియస్ అయిపోతున్నారు?"

"రంగు కాదండీ. తెలుగులో రాసిన పిల్లల మార్కు. అభ్యంతరం పెడదాం. ఇన్‌స్టిట్యూట్ తరఫున పెడితే పరీక్ష పెట్టిన బోర్డు వింటుంది."

"మన బుక్కులో ఉన్నది ఉన్నట్టు వచ్చిందని పొద్దున్నే అన్ని గ్రూపుల్లో పెట్టించాను. ఇప్పుడు అది తప్పని మనమే అంటే ఎలాగండీ?" బల్ల మీది పుస్తకం నా వైపు జరిపారు. "అయినా బుక్కు చదివినవాళ్ళకి మార్కు వచ్చింది. మీరు బుక్కు పక్కన పెట్టమన్నారు. మరి ఆ పిల్లలకి ఎవరి వల్ల పోయినట్టు?"

లేచి వచ్చేశాను. క్లాసుకి టైమైంది కాబట్టి వచ్చేశాను.

జూన్ 11

ఆయన అన్నదాంట్లో నిజం లేదు.

జూన్ 12

లేదు.

జూన్ 13, శుక్రవారం

అభ్యంతరాలు చూసే నిపుణుల కమిటీలో కేదార్ ఉన్నాడని అమ్మకి తెలిసిపోయింది. పంజాగుట్టలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర ఎవరో చెప్పారట. మా అమ్మ కుసుమకుమారికి లిఫ్టు దగ్గర తెలియని సంగతి ఉండదు.

"ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి ఎందుకే ఇంత హైరానా? ఆ అబ్బాయికి ఆ పక్షులంటే ప్రాణం కదా. ఇద్దరూ కలిసే కదా వాటి వెంట తిరిగారు?"

ఇద్దరం కలిసే తిరిగాం. రెండు కంకణాల మేతనీ గూళ్ళనీ పోల్చే పరిశోధన. తెల్లది నాకు, నల్లది అతనికి అని పంచుకుని మొదలుపెట్టాం. నాన్నకి పక్షవాతం వచ్చి నేను మానేశాను. అతను రెండూ కలిపి పూర్తి చేశాడు. దాన్ని పుస్తకంగా వేసి ముందుమాటలో నాకు కృతజ్ఞతలు చెప్పాడు. మా పెళ్ళి మాట ఆ తర్వాత ఇద్దరమూ ఎత్తలేదు. ఇప్పుడు ప్రొఫెసరు.

ఫోన్ చేయను. అతని మీద కోపంతో కాదు. పక్కదారిలో తెచ్చుకున్న మార్కు ఆ పిల్లకి వద్దు. అంతే.

జూన్ 15, ఆదివారం

సుమలతని తీసుకుని ఫోటోలకి వెళ్ళాను. అభ్యంతరానికి ఫోటోలు జత చేయాలని నా ఉద్దేశం. కెమెరా బీరువాలోంచి తీస్తుంటే అమ్మ ఏమీ అనకుండా డబ్బాలో పులిహోర పెట్టింది.

ముందు అమీన్‌పూర్ చెరువు. అపార్ట్‌మెంట్లు గట్టు దాకా వచ్చేశాయి. అయినా నీళ్ళు మిగిలిన వైపు తెల్ల కంకణాలు గుంపుగా ఉన్నాయి. ఎన్నేళ్ళయిందో ఇలా మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూసి! మోకాలి లోతు నీళ్ళలో వరసగా నడుస్తూ, కొడవలి లాంటి ముక్కు బురదలో దించి, కళ్ళతో కాదు, ముక్కు కొసతోనే వెతుక్కుంటాయి. కప్పో నత్తో తగిలితే తల ఒక్కసారి వెనక్కి విసిరి మింగడమే. తల మీదా మెడ మీదా ఈక ఉండదు. సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు నల్లటి చర్మం. బురదలో ఆ పని చేసేదానికి ఈకలుంటే ఏం బాగుంటుంది? పక్కన కొంగలున్నా, నత్తగుల్ల కొంగలున్నా పట్టింపు లేదు. గూళ్ళు కూడా వాటి మధ్యే కడతాయి. అరుపు అనేదే లేదు.

"గింత మంది ఉండి గింత సప్పుడు లేకుండ ఎట్లుంటయ్ మేడమ్?" అంది సుమలత. "మా హాస్టల్ల ఇద్దరుంటేనే లొల్లి."

తర్వాత చెరువు వదిలి చాలా దూరం వెళ్ళాం. రాళ్ళ గుట్టలు, ప్లాట్లు వేసి వదిలేసిన నేల, హై టెన్షన్ స్తంభాలు. ఎండ మాడ్చేస్తోంది. తుమ్మచెట్టు నీడలో పులిహోర తిన్నాం. ఇక వెళ్ళిపోదాం అనుకుంటుండగా పైనుంచి అరుపు వినిపించింది. ముక్కుతో ఏడ్చినట్టు, పొడుగ్గా, పొగరుగా.

జంట. మాకు కాస్త దూరంలో దిగాయి. నల్లటి ఒళ్ళు, భుజం మీద తెల్లటి మచ్చ, ఇటుక రంగు కాళ్ళు, తల వెనక గులకరాళ్ళు పేర్చినట్టు ఎర్రటి బొడిపెలు. నీటిచుక్క లేని నేల మీద పెద్దమనుషుల్లా నడుస్తూ రాళ్ళ సందుల్లో ముక్కు పెట్టి పురుగుల్ని లాగుతున్నాయి. ఒకటి తేలుని పట్టింది. నేలకేసి కొట్టి కొట్టి మింగింది. వీటికి గుంపు అక్కర్లేదు. ఒంటరి చెట్టు చిటారునో, కరెంటు స్తంభం మీదో తమ గూడు తమదే.

ఆ ముక్కూ ఈ ముక్కూ ఒకటే. ఒకటి బురదని నమ్ముకుంది, ఒకటి రాతినేలని నమ్ముకుంది. దాన్ని తీసుకొచ్చి దీని చోట పెడితే బతకదు. ఆ తేడా తెలియాలనే కదా ప్రశ్న అడిగింది? తేడా తెలిసిన పిల్లకే సున్నా పెట్టారు.

సుమలత చాలాసేపు చూసింది. ఇదివరకు పుస్తకంలో బొమ్మే చూసిందట.

"గిదేనా మేడమ్ నా నౌకరి తిన్నది?"

"అది కాదు. దాని పేరు మార్చినవాళ్ళు."

"అయితే దాని పేరు దానికి ఇప్పియ్యాలె" అంది. నవ్వుతూ అనలేదు.

జూన్ 16, సోమవారం

అభ్యంతరం పంపాను. పరీక్ష రాసిన సుమలత పేరుతో పెట్టి, పాఠం చెప్పిన దాన్నిగా నా వివరణ, ఫోటోలు జత చేశాను. ఈ తర్జుమా తప్పు ఎంత దూరం పాకిందో చూపించడానికి మా ఇన్‌స్టిట్యూట్ పుస్తకం పేజీ కూడా జత చేశాను. పేరుతో సహా.

చలపతిరావు గారికి నేనే వెళ్ళి చెప్పాను. వెనక నుంచి తెలియడం ఆయనకి మర్యాద కాదు. ఆయన పేపర్ వెయిట్ ఒకసారి గిర్రున తిప్పి వదిలేశారు.

"మీ ఇష్టమండీ" అన్నారు.

జూలై 4, శుక్రవారం

తిరస్కరించారు. ఒకే వాక్యం. సందేహం ఉన్నచోట ఇంగ్లీషు ప్రశ్నే ప్రామాణికం. కింద ముగ్గురు నిపుణుల సంతకాలు. మధ్యది కేదార్‌ది. కే మీది ఏత్వం ఇంకా అలాగే పొడుగ్గా లాగుతాడు.

జూలై 5, శనివారం

అతనే ఫోన్ చేశాడు.

"మంజూ, రూలు అలా ఉంది. నేనొక్కడినీ ఏం చేయగలను?"

"ఆ పక్షి పేరు నల్ల కంకణం అవునా కాదా?"

"అవును. నువ్వు చెప్పింది కరెక్టే."

"అదే కాగితం మీద రాయి."

"రాయలేను. కమిటీలో ఉండి కమిటీకి వ్యతిరేకంగా ఎలా రాస్తాను? నువ్వు అర్థం చేసుకుంటావని..."

అర్థం చేసుకున్నాను. ఫోన్ పెట్టేశాను. ఫోన్లో నిజం చెప్పేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు.

నాకేం బాధగా లేదు.

జూలై 6

బాధగానే ఉంది. అయితే ఏం?

జూలై 7, సోమవారం

నా క్లాసులు వేరే ఆయనకి ఇచ్చారు. చలపతిరావు గారు కాఫీ తెప్పించి మరీ చెప్పారు. నన్ను తీసేయడం లేదట, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమంటున్నారట. పుస్తకం పేజీ బోర్డుకి చేరిందని పోటీ ఇన్‌స్టిట్యూట్ల వాళ్ళు నవ్వుతున్నారట.

"ఆ పేజీ వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క లైను రాసివ్వండి. రేపటి నుంచి మీ క్లాసు మీకే. మీలా చెప్పేవాళ్ళు నాకు మాత్రం ఎక్కడ దొరుకుతారండీ?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట నిజంగానే అన్నారు. అదే కష్టం.

"ఆ పేజీలో ఉన్నది తప్పండీ."

"తప్పే అనుకోండి. దానికోసం ఉద్యోగం వదులుకుంటారా?"

కాఫీ తాగేసి, స్టాఫ్ రూములో నా చాక్‌పీసు డబ్బా తీసుకుని దిగిపోయాను. మెట్ల మీద పిల్లలు లేచి నిలబడ్డారు. పంజాగుట్ట దాకా నడిచే వచ్చాను. ఫ్లైఓవర్ కింద ఒకడు కొబ్బరిబోండాం కొడుతూ "ఎండకి ఎర్రగయినవ్ అక్కా, జర కూసో" అన్నాడు. కూర్చున్నాను.

అమ్మ తలుపు తీసి డబ్బా చూసింది.

"మానిపించారా?"

"మానేశాను."

"ఏదో ఒకటి. చేతులు కడుక్కో, వంకాయ కూర చల్లారిపోతోంది" అంది.

జూలై 21, సోమవారం

మధురానగర్‌లో సుమలత ఉండే హాస్టల్ భోజనాల గదిలో పోయిన వారం పాఠాలు మొదలుపెట్టాను. పొద్దున ఇడ్లీలు అయిపోయాక బల్లలు జరిపి చోటు చేస్తారు. బోర్డు లేదు, గోడమీద నల్ల రంగు పూశారు. మొదటి రోజు తెలుగు మీడియం పిల్లలే వచ్చారు. ఇప్పుడు ఇంగ్లీషు వాళ్ళూ వస్తున్నారు.

ఇదే ప్రశ్నకి మార్కు పోయినవాళ్ళు ఇంకా దొరికారు. అందరూ కలిసి హైకోర్టుకి వెళ్తున్నారు. సుమలత ముందు వెనకాడింది. వాళ్ళ అన్నయ్య ఫోన్ చేసి, సర్కారు మీద కేసు వేస్తే ఇక ఏ ఉద్యోగమూ రాదని భయపెట్టాడట.

"నువ్వేమన్నావ్?"

"ఇప్పుడైతే నౌకరి ఉన్నదా ఏంది పోనీకి, అని అన్న మేడమ్" అంది. వాళ్ళ అన్నయ్యకి చెప్పినట్టే నాకూ చెప్పింది.

నేను సాక్ష్యంగా ప్రమాణపత్రం ఇచ్చాను.

ఆగస్టు 12, మంగళవారం

కోర్టు ఆదేశం. కొత్త కమిటీ వేసి అభ్యర్థుల మాట నేరుగా వినాలి.

గెలవలేదు. ఓడిపోనూ లేదు. సుమలత మిఠాయి తెచ్చింది. ఇప్పుడే వద్దన్నాను. అమ్మ తినేసింది.

ఆగస్టు 29

కొత్త కమిటీకి కేదార్ పేరు కూడా అడిగారట. ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడట. లిఫ్టు దగ్గరి కబురు.

అతని ఆరోగ్యం ఎప్పుడూ బాగానే ఉంటుంది. రెండు రోజుల్లో రెండు కొండలు ఎక్కేవాడు. సరే. అతను వస్తాడని నేను ఎదురుచూడలేదు.

చూశాను. ఇక చూడను.

సెప్టెంబర్ 4, గురువారం

విచారణ ఖైరతాబాద్‌లో. వినాయకుడి జనంతో ఆటో కదల్లేదు. దిగి, ఆ జనంలోనే చేతులు పట్టుకుని నడిచాం. సుమలత కొత్త చీర కట్టుకుంది, వాళ్ళ నాన్న మగ్గం మీద నేసిందట. కుచ్చిళ్ళు ఎవరో తొక్కి ఊడిపోతే ఆ ఆఫీసు లిఫ్టులోనే సర్దాను.

బల్లకి అటువైపు నలుగురు. మధ్యలో అధ్యక్షురాలు, తెల్ల జుట్టు, కళ్ళజోడు మీంచి చూసే అలవాటు. ఫోటోలు అన్నీ చూసింది. తేలుని పట్టిన ఫోటో దగ్గర ఆగింది కూడా. పక్కనున్నాయన మాత్రం ఫోటోలు ముట్టుకోలేదు.

"తెలుగు పేర్లు జిల్లాకొకటి ఉంటాయమ్మా. వీటికి ప్రామాణికం ఏముంటుంది? అందుకే ఇంగ్లీషే ఫైనల్ అని ముందే రాశాం."

"నల్లటి పక్షిని నల్ల కంకణం అనడానికి జిల్లా అడ్డు రాదండీ. పక్షుల మీద వచ్చిన పాత పుస్తకాల్లోనూ అదే పేరుంది. ఎర్ర కంకణం అనే పేరు ఏ జిల్లాలో ఉందో మీరు చెప్పండి."

"ఇంగ్లీషు కూడా చూసుకోవాల్సింది అభ్యర్థులు. పక్కనే ఉందిగా."

అప్పటిదాకా గొంతు తగ్గించే మాట్లాడాను. ఇంట్లో అద్దం ముందు అలాగే సాధన చేశాను కూడా. కానీ ఆ "పక్కనే ఉందిగా" అన్నప్పుడు ఆయన నవ్వాడు.

"ఇంగ్లీషు చూసే రాయాలంటే తెలుగులో పేపరు ఎందుకిచ్చారు సార్? తెలుగులో రాయొచ్చన్నది మీరే. తెలుగు వచ్చినందుకు మార్కు కోసిందీ మీరే. ఈ అమ్మాయికి పక్షి తెలుసు, దాని పేరు తెలుసు, అది ఏ నేల మీద మేస్తుందో తెలుసు. రేపు అడవిలో ఈమె కాపలా కాయాల్సింది ఆ పక్షినే గానీ మీ తర్జుమాని కాదు."

తేలు ఫోటో ఆయన ముందుకి తోశాను.

అధ్యక్షురాలు సుమలతని చూసింది. "నువ్వు చూశావా అమ్మా ఈ పక్షిని?"

"పరీక్ష రాసినంక చూసిన మేడమ్."

"ముందు చూడలేదా?"

"లే. మేడమ్ చెప్పింది విని నమ్మిన. చూసినంక తెలిసింది, చెప్పింది నిజమే అని."

ఆవిడ ఏదో రాసుకుంది. వెళ్ళమన్నారు. బయటికొచ్చాక గుర్తొచ్చింది, నమస్కారం కూడా పెట్టలేదు.

సెప్టెంబర్ 5

నమస్కారం పెట్టకపోయినా ఫర్వాలేదు.

అక్టోబర్ 9, గురువారం

తెలుగులో రాసినవాళ్ళకి రెండు జవాబులూ ఒప్పుకున్నారు. తర్జుమా దోషం అని ఆ మాటే వాడారు.

హాస్టల్ భోజనాల గదిలో పిల్లలు బల్లలు వాయించారు. వంటామె చిలకమ్మ పరిగెత్తుకొచ్చి ఎవరికి పెళ్ళి కుదిరిందని అడిగింది. సుమలత ఆవిణ్ని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

కేదార్ నుంచి మెసేజ్. "కంగ్రాట్స్ మంజూ. నువ్వు గెలుస్తావని నాకు తెలుసు."

తెలిసి ఇంట్లో కూర్చున్నాడన్నమాట. చదివాను. జవాబు ఇవ్వలేదు. ఈసారి ఎందుకు ఇవ్వలేదో నాకు నేను కారణాలు చెప్పుకోవాల్సిన పని కూడా కలగలేదు.

నవంబర్ 6

అడవి ఉద్యోగానికి తప్పనిసరైన నడక పరీక్ష అయింది. మడమ బొబ్బలెక్కినా సుమలత సమయంలోనే ముగించింది. అమ్మ వేడినీళ్ళలో ఉప్పు వేసి దాని కాళ్ళు పెట్టించింది. సుమలత రాత్రికి ఇక్కడే పడుకుంది.

నవంబర్ 24, సోమవారం

తుది జాబితా వచ్చింది. సుమలత పేరు ఉంది. చివరికి దగ్గర్లో ఉంది, కానీ ఉంది. ఆ ఒక్క మార్కు లేకపోతే ఉండేది కాదు. సిరిసిల్లకి ఫోన్ చేస్తే వాళ్ళ అన్నయ్య ఫోను నాన్న చేతిలో పెట్టి వీధంతా చెప్పడానికి పరిగెత్తాడట.

సాయంత్రం మా ఇంట్లో ఉండగా చలపతిరావు గారు నాకు ఫోన్ చేశారు. జూలై తర్వాత ఇదే మొదటిసారి.

"మంజూష గారూ, చాలా సంతోషం. అమ్మాయి మన ఇన్‌స్టిట్యూట్ పిల్లే కదా. అమీర్‌పేట మెట్రో దగ్గర పెద్ద ఫ్లెక్సీ వేయిస్తున్నాను. మంచి ఫోటో ఒకటి ఇప్పించండి. మీరు కూడా సోమవారం నుంచి వచ్చేయండి. జరిగిందేదో జరిగింది."

"నాకు హాస్టల్లో పాఠాలున్నాయండీ. మానలేను. ఫోటో సంగతి అమ్మాయినే అడగండి, ఇక్కడే ఉంది."

స్పీకర్ పెట్టి ఫోను సుమలత ముందు ఉంచాను. అది వేరుశనగలు ఒలుస్తోంది. చేతులు దులుపుకుంది.

"నమస్తే సార్. ఫోటో ఇస్త, గదేం ఫికర్ లేదు. గని దాని కింద ఒక్క మాట సుత రాయాలె."

"చెప్పమ్మా, తప్పకుండా రాయిస్తాను. ఏం రాయమంటావ్?"

"'గీ పిల్ల మా పుస్తకం నమ్మలే' అని పెద్దగ రాయుండ్రి."

లైను ఇంకా ఆన్‌లోనే ఉంది. వంటింట్లోంచి అమ్మ నవ్వు వినపడింది, ఆయనకీ వినపడే ఉంటుంది. సుమలత ఫోను వైపు చూస్తూ, జవాబు వచ్చేదాకా పెట్టేయనన్నట్టు కూర్చుంది.